చేతికి కట్టిన పేలిక

కోదాడలో ఒక వృద్ధాశ్రమం. ఈమధ్యే నల్గొండ నుంచి సూర్యాపేటకు బదిలీ అయి తనిఖీకొచ్చిన అధికారి రజితకు పొద్దుటి నుంచి అడిగి అడిగి ఓపిక అడుగంటింది. చివరికి ఆమె, సాయమ్మ అనే ముసలామె పక్కనే మంచం మీద చతికిలబడింది. పక్క మంచంలో చూపులేని సాలి నిద్రపోతోంది.

“ప్రశాంత్ గారూ, మీరు జర బయటికి పోండ్రి. మేనేజరు నెత్తి మీద నిలవడితే ఎవ్వలు నోరిప్పుతరు?”

“టీ చెప్పనా మేడం?”

“వద్దు. తలుపు దగ్గరికేసి పోండ్రి... ఆఁ, ఇగ చెప్పు సాయమ్మవ్వా. అన్నం ఎట్ల పెడ్తున్నరు?”

“మంచిగనే పెడ్తున్నరు.”

“నీళ్లు?”

“మంచిగనే.”

“బాత్‌రూంల పట్టుకునెతందుకు కడ్డీ లేదు. బండలు పాకురు వట్టినయి. నేనే జారి పడబోయిన. అదీ మంచిగనేనా?”

“మెల్లగ నడ్వాలె బిడ్డా. ఉరుకులాడితే ఏడనైనా జారుతది.”

“అవ్వా! పొద్దుగాల్నుంచి అందరు గిదే పాట. నేర్పిచ్చినట్టు చెప్తున్నరు. మీ కోసమే కదా నేనొచ్చింది, మీరే దాస్తే నేనేం జెయ్యాలె?”

“కోపం జేస్కోకు. తిన్నవా?”

“నా తిండి సంగతి తర్వాత. గా సాలవ్వ చెయ్యి సూడు. మణికట్టు సుట్టు ఒరుసుకపోయి నల్లగైంది. ఎవరు కట్టేసిన్రు?”

“గాజులు ఒరుసుకున్నయి.”

“చేతికి ఒక్క గాజు లేదు!”

“ఉంటుండె.”

“మంచానికి కట్టేస్తున్నరు కదా? ఆ ప్రశాంతేనా? చెప్పు, ఇయ్యాలే పోలీసులకు...”

“అయ్యో, ఆయన్నేమనకు! నేనే కట్టిన.”

“నువ్వా?”

“నా చీరె పేలిక. ఒక కొస దాని చేతికి, ఒక కొస నా చేతికి. రాత్రి అది లేస్తే గుంజుతది, నాకు మెలకువొస్తది, చెయ్యి వట్టుకొని బాత్‌రూంకు తోల్కపోత. మొన్న ఒక్కతే పోయి పడ్డది. తెల్లారెదాంక గాడనే ఉన్నది పాపం.”

“రాత్రి ఆయా ఉండదా?”

“నీళ్లు తాగుతవా బిడ్డా?”

“చెప్పవ్వా!”

“నేనున్న కదా.”

“ఇగ చాలు. రాత్రిపూట మనిషే లేని హోం నడ్వనియ్య. రిపోర్టు రాస్త. మూయిస్త.”

“రాయకు.”

“మల్ల రాయకు అంటవ్! తల పగిలిపోతుంది నాకు. సాలవ్వ ఇంకోపారి పడితే? సస్తే? ఎవరికి భయపడ్తున్నవ్ నువ్వు?”

“మిర్యాలగూడ హోంల అన్ని చెప్పిన బిడ్డా. దుప్పట్లియ్యరు, మందులియ్యరు అని ఉన్నదున్నట్టు చెప్పిన. వారం తిరక్కముందే తాళమేసిన్రు. ఖతం. నన్ను గీడ దింపిన్రు, నా పక్క మంచం అలివేలును హుజూర్‌నగర్ దిక్కు తోలిన్రు. దానికి చెవులు వినవడయి. నా పెదవులు సూసి మాట తెల్సుకునేది. కొత్త జాగల ఎవ్వల మాట తెల్వక, అన్నం మానేసి సచ్చిపోయింది. ఇప్పుడు సాలిని గూడ తీస్కపోతరు.”

“గంత బుద్ధి లేదా వాళ్లకు? ఇద్దర్ని ఒక్కతాన పెట్టాలని తెల్వదా? ఎవరు రాసిన్రవ్వా ఆ రిపోర్టు? పేరు చెప్పు!”

“నువ్వే బిడ్డా. ఇయ్యాల గేటు కాన్నే గుర్తువట్టిన నిన్ను.”