రైట్ రైట్ అన్న మనిషి

చలికాలంలో డ్రైవ్ చేయలేని పెద్దవాళ్ళని ఇళ్ళ దగ్గర ఎక్కించుకు రావడానికని, డెట్రాయిట్ పక్కన నోవైలో మా తెలుగు చర్చివాళ్ళం పదిహేను సీట్ల పాత బస్సు ఒకటి కొన్నాం. దాన్ని ఎవరు తోలాలో ఆదివారం భోజనాలయ్యాక తేలుద్దామన్నారు పాస్టర్‌గారు. దైవాశీర్వాదం అంకుల్‌కి డెబ్బై ఆరేళ్ళు. ఆ బస్సు తాళం తనకే రావాలని ఆయన పట్టుదల. అందరికంటే ముందే టీ కప్పుతో బల్ల మధ్యలో కూర్చుని మొదలుపెట్టేశారు.

"నాకు బస్సులు కొత్తా ఏంటయ్యా? డెబ్బై నాలుగులో డెట్రాయిట్‌లో దిగాను. చేతిలో ఇంజనీరింగ్ పట్టా ఉంది, ఒంటి మీద గుంటూరులో కుట్టించిన కోటుంది, ఉద్యోగమే లేదు. ఓ ప్రైవేటు బస్సుల గ్యారేజీలో చేరా, ఆ కంపెనీ ఎప్పుడో మూసేశార్లే. అబ్బో, ఏం బస్సులవి! గుండ్రటి మూతి, గంట కొట్టడానికి కిటికీల పొడుగునా తాడు, ఛార్జీల డబ్బాలో క్వార్టర్ బిళ్ళలు పడుతుంటే గలగలా చప్పుడు, తడిసిన ఉన్ని కోట్ల వాసనా డీజిల్ వాసనా కలిసిపోయి... ఇప్పటికీ ఆ వాసన ఎక్కడన్నా తగిలితే అక్కడే నిలబడిపోతాను, ఒట్టు!"

"చర్చిలో ఒట్లు వద్దంకుల్," అన్నారు పాస్టర్‌గారు.

"సరే, ఒట్టు తీసేయండి, నిజం ఉంచుకోండి. నాలుగొందల పదిహేడో నంబరు బస్సుని నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. జనవరిలో ఓ పొద్దున మైనస్ ఇరవై, గ్యారేజీలో ఒక్క బస్సన్నా స్టార్ట్ అయితే ఒట్టు... సారీ అయ్యగారూ. ఫోర్‌మన్ ఎర్ల్ తల పట్టుకు కూర్చున్నాడు. నేనెళ్ళి ఇంజన్ మూత మీద చెయ్యేసి, 'లే పెద్దమ్మా, పాపం జనం చలిలో నిలబడ్డారు' అన్నా, తెలుగులోనే. బుర్రుమని లేచింది! ఎర్ల్ నా చెయ్యి పట్టుకెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాడు."

"ఇంతవరకూ బాగానే ఉంది," అన్నారు కేశవరావు గారు. కార్ల కంపెనీలో బ్రేకులు డిజైన్ చేసి రిటైరైన మనిషి, ఏదీ ఊరికే నమ్మరు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నలభై సీట్లలో నూటపది మందిని ఎక్కించా. ఎటు చూసినా తెల్లగా మంచే, ఏది రోడ్డో తెలిస్తేగా! తిన్నగా పోనిస్తున్నా, పోనిస్తున్నా, ఓ చోట బోర్డు చదివితే కెనడా అనుంది. మన ఊరికీ కెనడాకీ మధ్య నది గడ్డకట్టింది కదా, దాని మీంచి దాటేశానన్నమాట! కస్టమ్స్‌వాడు పరిగెత్తుకొచ్చి పాస్‌పోర్టులేవన్నాడు. 'ఇది రూటు బస్సు నాయనా, నువ్వెక్కడ దిగాలి?' అన్నా. పాపం, చిల్లర డబ్బాలో వేసి కూర్చున్నాడు."

"ఐసు మీద బ్రేకులు పట్టాయా?"

"బ్రేకులు ఆగేవాడికి కావాలి కేశవరావూ, నేనెక్కడ ఆగాను? అసలు సంగతి తిరిగొచ్చేటప్పుడుంది. నది మధ్యకొచ్చేసరికి వెనకాల ఐసు ఫెళఫెళా విరగడం మొదలెట్టింది. యాక్సిలరేటర్ తొక్కా! పెద్దమ్మ లేచింది చూడు గాల్లోకి! ఎంతసేపు ఎగిరామంటే, ముందు సీట్లో స్వెటర్ అల్లుకుంటున్న ముసలావిడ ఒక చెయ్యి ముగించి రెండో చెయ్యి మొదలెట్టింది. దిగడం మటుకు నీళ్ళలోనే దిగాం. దిగితే ఏం? ఈదింది! ముందు డోరు తెరిచా, వెనక డోరు మూసా. ఒడ్డుకొచ్చేసరికి బస్సులో మోకాలి లోతు చేపలు. గ్యారేజీలో రెండొందల మందికి పులుసు పెట్టాం. ఎర్ల్ మూడుసార్లు వేయించుకున్నాడు."

"డెబ్బై నాలుగులో డెట్రాయిట్‌లో చింతపండెక్కడిదంకుల్?" అడిగింది బల్ల చివర కూర్చున్న సుధ.

"కస్టమ్స్‌వాడు బస్సులోనే ఉన్నాడుగా తల్లీ! మనవాళ్ళ సూట్‌కేసుల్లోంచి లాక్కున్నదంతా వాడి దగ్గరే ఉంది!"

బల్ల చుట్టూ నవ్వులు. పాస్టర్‌గారు కళ్ళు తుడుచుకుంటూ జేబులోంచి తాళం తీశారు. "సగానికి సగం కొట్టేసినా, బస్సు తోలిన అనుభవం అయితే ఉంది కదా."

"ఆగండయ్యగారూ," అంది అంకుల్ భార్య విమలకుమారి ఆంటీ, వంటగదిలోంచి పెరుగు గిన్నె పట్టుకొస్తూ. "ఈయన బస్సు తోలిందెప్పుడు? వెనకాల నిలబడి రివర్స్ చెప్పే పని ఈయనది. మొదటి రోజే క్యారేజీ పట్టుకెళ్ళాను, నా కళ్ళతో చూశాను. ఆ ఎర్ల్ బస్సుని వెనక్కి తెస్తున్నాడు. ఈయన గుంటూరు బస్టాండులో కండక్టర్‌లా బస్సుని అరచేత్తో చరిచి, 'రైట్, రైట్!' అన్నారు. అడ్డేం లేదు, పోనీయమని ఈయన ఉద్దేశం. వాడు నిజంగానే రైట్‌కి తిప్పాడు. ఈయన కంగారుపడి ఇంకా గట్టిగా రైట్ రైట్ అన్నారు. వాడు ఇంకా తిప్పాడు. పెద్దమ్మ గోడ పగలగొట్టుకుని ఆఫీసు గదిలోకెళ్ళింది."

కేశవరావు గారైతే కుర్చీలోంచి జారిపోయారు. అంకుల్ మాత్రం నవ్వలేదు. కప్పు కింద పెట్టారు.

"నిజమేనయ్యా. ఆ రోజునుంచి నన్ను స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదు. మూడేళ్ళు కడిగాను, తుడిచాను, చిరిగిన సీట్లు కుట్టాను. పెద్దమ్మని తుక్కుకి పంపేరోజు, కనీసం గేటు దాకా తోలతానని బతిమాలాను. ఇవ్వలేదు. ఏడుపొచ్చింది. ఒక్కసారన్నా బస్సు తోలాలని ఉంది నాకు, అంతే."

ఆంటీ గిన్నె బల్ల మీద పెట్టి ఆయన పక్కన కూర్చుంది. సుధ లేచి పాస్టర్‌గారి చేతిలోంచి తాళం అందుకుంది. ట్రక్కులు మంచులో తోలి టెస్ట్ చేయడం దాని ఉద్యోగం.

"రోడ్డు మీద నేను తోలతాను పాస్టర్‌గారూ. అంకుల్, మీరు రండి. మన పార్కింగ్ లాట్‌లో ఒక రౌండ్ మీరే తోలండి, ఇప్పుడే. నేను పక్కన కూర్చుంటా."

అంకుల్ ఆ తాళం రెండు చేతులతో తీసుకున్నారు. కోటు కూడా మర్చిపోయి తలుపు వైపు నడిచారు. మేమంతా లేచి చప్పట్లు కొట్టాం.

"చప్పట్లు తర్వాత కొడుదురుగాని," అంది విమలకుమారి ఆంటీ. "ముందు వెళ్ళి మీ మీ కార్లు తీసేయండి."

అందరికంటే ముందు పరిగెత్తింది పాస్టర్‌గారే.