పాట పాడిన ఇల్లు

రియాద్‌లోని మలాజ్. గల్ఫ్ యుద్ధం ముగిసి రెండేళ్లయింది. బడి ముందు ఆగిన కారులో యజమాని పిల్లల కోసం ఎదురుచూస్తున్నారు ఇద్దరు: డ్రైవరు బాషా, సెలవుకు ఊరికి పోయి నిన్ననే తిరిగొచ్చిన పనిమనిషి ఓబులమ్మ.

“అంటే, వేలంలో నువ్వే పాట పాడినావా? ఇంట్లో మేడమ్ పిలిస్తేనే నోరు పెగలదు గదా నీకు?”

“ఆడ పెగిలింది లే. నవ్వొద్దు బాషా.”

“నవ్వలేదక్కా. ఇల్లుగలామె నా కార్లో కూచుందని సంతోషపడతాండా. ఇంగ సలాం ఎట్ల పెట్టాల, వంగి పెట్టాల్నా?”

“అద్దం తుడువు, చాలు.”

“సరే గానీ, నాకూ నేర్పు. నేనూ ఒకటి కొంటా. పన్ను కట్టని ఇండ్లు ఊరికే ఇస్తారంట గదా.”

“నీకెందుకు ఇల్లు? నాకెవురూ లేరంటివే.”

“ఎవురూ లేకుంటే గోడలు నిలబడవా? చెప్పక్కా.”

“ఊరికే ఎవురిస్తారు? ఇంటిపన్ను కట్టకుండా పేరబెడితే మునిసిపాలిటీ వాళ్ళు జప్తు చేస్తారు. టముకేసి పాట పెడతారు. వాళ్ళకు బకాయి వసూలైతే చాలు, మనకు సగం ధరకొస్తే చాలు.”

“ఇంతేనా? చెయ్యెత్తితే అయిపాయ.”

“తొందరపడకు. చెయ్యెత్తకముందే పోయి ఇల్లు చూసుకోవాల. గోడల్ని కాదు, లోపలుండే మనుషుల్ని. ఇల్లయితే వాళ్ళు అమ్ముతారు, ఖాళీ చేయించుకునేది మన తలనొప్పి. మా చెల్లెలి మొగుడు చిలక్కి చెప్పినట్ల చెప్పినాడు.”

“మరి పోయి చూసినావా?”

“చూడలే. ఆశ. పాట అయినంక పోయినా.”

“భలే పంతులమ్మవి. పాఠం మాకు, తప్పు నీకు.”

“అందుకే చెప్తాండా. పాట కాడ ఆడమనిషిని నేనొక్కదాన్నే. నేనొక మాటంటే నూనె వ్యాపారి ఒకాయన దాని మీద ఇంకో మాట. ఆఫీసాయన నన్ను చూసి, నీ వెనక మగోళ్ళెవరమ్మా అన్నాడు. నా ముందూ వెనకా నేనే సార్ అంటి.”

“అబ్బో! ఆ మాట మేడమ్ ముందర అను, చూస్తా.”

“ఆఖరికి వ్యాపారి పాట నిలిపేసినాడు. ధరావతు కట్టి బయటికొచ్చి, గోడకానుకోని ఏడిస్తి.”

“గెలిచి ఏడ్చేదేంది?”

“నీకేం తెలుసు? యుద్ధంలో సైరన్ కూస్తే మేడమోళ్ళంతా లోపలి గదిలో దూరేది, నేను వంటింట్లో బల్ల కింద. బతికితే నాకంటూ ఒక కప్పు ఉండాలని అప్పుడే అనుకుంటి.”

“ఇప్పుడొచ్చింది గదా. యాడ, మీ జమ్మలమడుగులోనేనా?”

“ప్రొద్దుటూర్లో.”

“ప్రొద్దుటూర్లోనా?”

“ఏమి, మొగం అట్ల తిప్పుకుంటివి?”

“పిల్లలొస్తాన్నారేమోనని. ప్రొద్దుటూర్లో యాడ?”

“మసీదు సందు. నువ్వు మదనపల్లోనివి, నీకేం తెలుస్తుంది?”

“తెలీదు. చెప్పు నువ్వు.”

“తలుపు తడితే సురయ్యా అని ఒకామె వచ్చింది. ఇద్దరు పిల్లలు. నేనెవరో చెప్పినా. తిట్టిపోస్తుందేమో అనుకుంటి. చాప పరిచి, టీ పెట్టిచ్చింది.”

“ఇంట్లో... మగోళ్ళు లేరా?”

“మొగుడు కువైట్‌కు పోయినాడంట. ఇరాకోళ్ళు పడినప్పటి నుంచి కబురు లేదంట. అందరూ విమానాల్లో వచ్చి దిగితే, పిల్లల్ని తీసుకోని బస్టాండుకు పోయి కూచునేదంట. ఇప్పుడు పోవడం మానుకుంది. పన్నెట్ల కడుతుంది?”

“నువ్వు ఖాళీ చెయ్యమంటివా?”

“అడగాలనే పోయినా. నోరు రాలే. ఆమే అనింది, కొంచెం గడువియ్యక్కా, ఇల్లు శుభ్రం చేసి అప్పజెప్తా అని.”

“ఆ వెనక తలుపు ఇంగా అట్లే ఉందా? వానొస్తే ఉబ్బుతుంది, కింద కాలితో తన్నితే గానీ...”

“ఏ వెనక తలుపు?”

“ఏదో... పాత ఇండ్లకుంటుంది గదా. పిల్లలొచ్చినారక్కా.”

“ఎవురూ రాలేదు. ఇట్ల తిరుగు. ఆమె ఇంట్లో గోడకు పెండ్లి ఫోటో చూసినా, బాషా. అప్పుడింత మీసం లేదు నీకు.”

“ఇంగా పెట్టుకోనుందా ఆ ఫోటో?”

“పెట్టుకోనుంది. ఎట్లొచ్చినావు ఈడికి?”

“కువైట్‌లో నాకు వీసా ఇచ్చిన కఫీల్ కుటుంబాన్ని కార్లో ఎక్కించుకోని సరిహద్దు దాటించినా. వాళ్ళ చుట్టాలే ఈ మేడమోళ్ళు. సంపాదించిందంతా ఆడనే పాయ. వట్టి చేతుల్తో ఏమి రాసేది? వచ్చే నెల రాద్దాం, వచ్చే నెల రాద్దాం అనుకుంట... ఇంగ రాసే మొహం లేకపాయ.”

“పిల్ల నీ పోలికే. నవ్వు కూడా.”

“ఆమెకు చెప్పినావా, నేనీడున్నానని?”

“నేను చెప్పేదేంది? అది నీ నోటితో చెప్పాల.”

“ఏమి చెప్పినా ఇల్లయితే ఇప్పుడు నీదే గదా అక్కా.”

“ఇంగా కాలే. పాట అయినంక కూడా నెల గడువిస్తారు. ఆలోపల ఇంటాయన బకాయి కట్టేస్తే పాట కొట్టేసి, నా దుడ్డు నాకు తిరిగిస్తారు.”

“అప్పుడు నీకు ఇల్లు లేకుండా పోతుంది.”

“పోతుంది. ఇంకో పాటకు పోతా, ఈసారి ముందే చూసుకుంటా. ఇంగా ఒక వారముంది. కాకపోతే బకాయి కట్టాలంటే, ముందు ఇంటాయన బతికున్నాడని సురయ్యాకు తెలియాల గదా, బాషా.”