పొత్తిగుడ్డలకిచ్చిన చర్చి

"పెద్దమ్మా, నేను చర్చిలో పెరిగానంటుంది అమ్మ. సౌదీలో చర్చి ఎక్కడిది? గట్టిగా అడిగితే, ఎస్తేరు పెద్దమ్మనే అడుగు అని నవ్వుద్ది."

అలాగందా విమల? అనుద్ది, అనుద్ది. నవ్వు రాకేం చేస్తాది మరి. కూచో అమ్మాయ్. ఆ పిల్లనిలా నాకియ్యి... ఆఁ, వొద్దులే, నీ ఒళ్లో కుదురుగా ఉంది, ఉండనీ. చెప్తాను.

చర్చంటే గంటా, గోపురం అనుకునేవు. అయ్యి అక్కడ కట్టనివ్వరు. మేవుండే యాన్బు ఊళ్లో మా ఆస్పత్రి నర్సులకి క్వార్టర్సుండేయి. కింద బట్టలుతికే గది పక్కన ఇంకో పెద్ద గది, పాత మంచాలవీ పడేసేవోరు. అదే మన చర్చి. శుక్రవారం సెలవు గదా, డ్యూటీ లేనోళ్లం చాపలేసుకుని చేరిపోయేవోళ్లం. నరసాపురం వాళ్లం, భీమవరం వాళ్లం, బాపట్ల పిల్ల ఒకత్తి... కాదు కాదు, చీరాల పిల్ల. బాపట్ల పిల్ల తర్వాతొచ్చింది. తాళం నాకాడ ఉండేది. పైకి మాత్రం కుట్టు క్లాసనేవోళ్లం. ఓ కుట్టు మిషను కూడా పెట్టాం. ఎవరన్నా తలుపు కొడితే చాలు, మార్తక్క గబగబా మిషను తొక్కేసేది. దానికి దారమే ఉండేది కాదు!

మార్తక్కంటే భీమవరం ఆవిడ, ఆపరేషన్ థియేటర్లో పెద్ద సిస్టరు. వాళ్ల నాన్న బెల్లం వ్యాపారం, అప్పట్లో బెల్లం దిమ్మ ఎంతకొచ్చేదో తెల్సా... సర్లే, అదెందుకిప్పుడు. మార్తక్క ఊళ్లో పాడితే రెండు వీధులకి వినపడేది. అంత గొంతు, పాపం, అక్కడ పెదాలు మూసుకుని పాడాలి. బయటికి వినపడితే ఇంకేవన్నా ఉందా! అందరం ముక్కుతోనే, ఊఁ ఊఁ అని. చెప్పులు గుమ్మంలో విడిచి, చున్నీ తలమీద కప్పుకుని, మాటాడితే గుసగుసే. ఏళ్ల తరబడి అంతే. ఆ గదిలో గొంతెత్తిన మనిషి లేదు.

అప్పుడు పుట్టావు నువ్వు. మీ నాన్న రిఫైనరీలో ఫిట్టరు, షిఫ్టులు. మీ అమ్మా మాతోటి నర్సే గదా, కాన్పు సెలవైపోవొచ్చింది. నిన్ను చూసుకునేదెవరు? ఇండియా పంపేద్దావంటే మీ అమ్మమ్మ అప్పటికే మంచాన పడింది. విమల ఎగ్జిట్ కొట్టించుకుని ఉద్యోగం వొదిలేసి ఎల్లిపోవాలి, అంతే దారి. దాని జీతం మీదే గదా మీ మావయ్యల చదువులు. ఏడిచి ఏడిచి మొహం ఉబ్బరించుకుపోయింది.

ఇంతలో మా మేట్రన్, ఫిలిప్పీన్స్ ఆవిడ, నన్ను పిలిచి చెప్పింది. పిల్లల గది పెట్టుకోండి, పక్కనే నీళ్లుండి కింద అంతస్తులో ఉన్న గది చూపించండి, ముదీరా వొచ్చి చూసి సరేనంటే సరే అని. ముదీరా అంటే ఆఫీసుకి పెద్ద, సౌదీ ఆవిడే. అలాంటి గది ఏదుందమ్మా మొత్తం క్వార్టర్సులో? మనదొక్కటే!

శుక్రవారం ప్రార్థనయ్యాక మెల్లగా చెప్పాను. మార్తక్క లేచిపోయింది. "దేవుడికిచ్చిన గదిని ఉచ్చగుడ్డలకిచ్చేస్తామా ఎస్తేరూ?" అంది. మొదటిసారి ఆ గదిలో గొంతు లేచింది, చూస్కో! ఆ కేకకి వెనకాల మీ అమ్మ ఒళ్లో ఉన్న నువ్వు కెవ్వుమన్నావు. ఊపిరి పట్టి ఏడుస్తున్నావు. మార్తక్కకి తన మాట పూర్తి చెయ్యాలని ఆత్రం, నీ ఏడుపులో ఎవరికీ వినపడట్లా. విసుక్కుంటా వొచ్చి నిన్ను లాక్కుని భుజానేసుకుంది. అలవాటైన గొంతే గదా, ఊఁ ఊఁ అంది పెదాలు మూసి. అంతే, ఠక్కున పడుకున్నావు!

ఇహ చూడు తమాషా. ఆవిడ కోపం ఆవిడకుంది, కానీ అరిస్తే నువ్వు లేస్తావు. కూచుంటే లేస్తావు. నిలబడి ఊగుతా, గుసగుసగా దెబ్బలాడుతోంది మాతో! గుసగుసగా దెబ్బలాడితే ఎవరు భయపడతారమ్మా? చీరాల పిల్ల చున్నీ నోట్లో కుక్కుకుంది నవ్వాపుకోలేక. అప్పుడు మీ అమ్మ నోరు తెరిచింది. "పొత్తిగుడ్డల్లోనే గదక్కా ఆ దేవుడు కూడా వొచ్చింది" అంది. మార్తక్క నీకేసి చూసింది, మళ్లీ మీ అమ్మకేసి చూసింది. కళ్లు తుడుచుకుని, "అయితే ఆ మిషనుకి దారం కొనండి, గౌన్లు కుట్టాలి" అంది.

శుక్రవారం కూటం మేడమీద మార్తక్క గదికి మార్చాం. కింద గదికి సున్నం కొట్టాం, పాత చీరలతో ఉయ్యాలలు కట్టాం. నిన్నూ, ఇంకో మలయాళం సిస్టరు కవలల్నీ పడుకోబెట్టి, ముదీరా కోసం చూస్తన్నాం. హీల్సు టకటకలాడించుకుంటా వొచ్చిందావిడ. గుమ్మంలో ఆగిపోయింది. అప్పుడు చూసుకున్నాను నేను. మా చెప్పులన్నీ గుమ్మంలో బారుగా ఉన్నాయి, ఒక్కొక్కత్తి తలమీద చున్నీ, అందరం గుసగుసలు, లోపల మార్తక్క ఊఁ ఊఁ! గది మార్చాం గానీ మేం మారలేదమ్మాయ్. అచ్చం శుక్రవారం కూటంలాగే ఉంది. పట్టేసింది, అయిపోయింది మన పని అనుకున్నాను.

చెప్పులు చూపించి ఎందుకని అడిగింది. నాకొచ్చిన అరబ్బీ ఎంత? "బేబీ నౌమ్, బేబీ నౌమ్" అన్నాను, బిడ్డలు నిద్రలో ఉన్నారని. ఆవిడ హీల్సు విప్పేసింది! మునివేళ్ల మీద లోపలికొచ్చి, ఆ పాటేంటి అని మార్తక్కనడిగింది. మార్తక్క చున్నీ ఇంకాస్త ముందుకి లాక్కుంది. "ఉమ్మీ" అంది, మా అమ్మ పాటని. నిజవే గదా, వాళ్లమ్మ దగ్గర నేర్చుకుందే. ముదీరా ఒంగి నిన్నెత్తుకుంది. "మాషా అల్లా" అని, ఆవిడ కూడా పెదాలు మూసి వాళ్లమ్మ పాటేదో అందుకుంది. మార్తక్క ఇటు, ఆవిడ అటు, మధ్యలో నువ్వు. ఎల్తా ఎల్తా మేట్రన్‌తో చెప్పిందంట, ఇంత నిశ్శబ్దంగా ఉన్న పిల్లల గది ఎక్కడా చూళ్లేదు, ఎవరొచ్చినా జోళ్లు బయటే, గొంతు తగ్గించే మాటాడాలి, ఇదే రూలు అని. మా చర్చి పద్ధతంతా ఆఫీసు రూలైపోయింది! మీ అమ్మ నన్ను పట్టుకుని ఒకటే ఎగరడం. ఎగిరినా చప్పుడు లేకుండానే లే.

అదీ నువ్వు పెరిగిన చర్చి. ఇదిగో, ఇందాకట్నించి నేను వాగుతున్నాను గానీ నిన్నే చూస్తన్నాను. పిల్ల కునుకు తియ్యగానే చున్నీ తలమీదికి లాక్కున్నావు. ఎందుకే? తెలీదా? ఎప్పుడూ అంతేనా? ఎవరు నేర్పారు నీకు... నవ్వుతావేంటే, నాకు ఏడుపొస్తంటే! సంతోషంతోనేలే. రేపు మార్తక్కకి ఫోన్ చేసి చెప్పాలి ఈ సంగతి. ఆవిడకిప్పుడు చెవులు వినపడవు, అరిచి చెప్పాలి.

చల్లగా ఉండండమ్మా, తల్లీ కూతుళ్లిద్దరూ. నీ బిడ్డ కూడా ఎప్పుడో దాని బిడ్డనెత్తుకుని ఇలాగే... ఉష్, కదిలింది. అందుకో నువ్వు. పెదాలు మూసి. ఊఁ... ఊఁ...