డబుల్ డెక్కర్ ముందు సీటు

ఆఫీసుల నుంచి ఇళ్ళకు పోతూ, అక్కా తమ్ముడూ కిక్కిరిసిన బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. అక్కకు కాళ్ళు లాగేస్తున్నాయి.

"చిన్నప్పటి డబుల్ డెక్కరే నయమక్కా. పైన ముందు సీట్లో కూర్చుంటే ఊరంతా మనదే."

"కిటికీ పక్కన మాత్రం నువ్వే. ఏడ్చి సాధించేవాడివి."

"మరి అమ్మ?"

"కిందే ఉండేది. పైకొస్తే కళ్ళు తిరుగుతాయనేది."

"అదేంటి, మూడో అంతస్తు పిట్టగోడ మీంచి వంగి బట్టలు ఆరేసేదిగా."

అక్క కడ్డీ మీద చెయ్యి మార్చుకుంది.

"పైన నిలబడనిచ్చేవాళ్ళు కాదురా. సీట్లేమో రెండే దొరికేవి."

"పొద్దుట్నుంచీ కొట్టులో నిలబడి, మనల్ని బడి నుంచి తీసుకొస్తూ, మళ్ళీ నిలబడేదా?"

"ఊఁ. దిగగానే నువ్వు కాళ్ళు నొప్పులని ఎత్తుకోమనేవాడివి."

"ఎత్తుకునేదా?"

"ఇంటిదాకా."