జాలీకి అటువైపు తెల్లపెట్ట

పెరట్లో, కోళ్ల గూటి ముందు. నెల కిందట తండ్రి దగ్గరికి వచ్చిన పదేళ్ల పిల్ల, తండ్రి రెండో భార్య.

"పట్టుకో, గట్టిగా పట్టుకో! రెక్కలు కొట్టుకోనివ్వకు."

"పిన్నీ, రక్తం ఆగట్లేదు."

"ఆగుతుంది. ఆ గుడ్డ తల మీద అదిమిపెట్టు. మెల్లిగా... మెల్లిగా."

"కళ్లు మూసేస్తోంది."

"పిలువు. నువ్వు పిలిస్తే పలుకుతుందిగా."

"చచ్చిపోతుందా?"

"ఊదా మందు సీసా ఎక్కడ పెట్టి చచ్చానో! ఎర్రగా కనిపిస్తే చాలు, మిగతావి మళ్లీ మీద పడతాయి. ఊదా రంగు పూస్తే గాయం కనపడదు."

"చచ్చిపోతుందా పిన్నీ?"

"ఇదిగో, దొరికింది. తల ఇటు తిప్పు."

"మీ నల్లపెట్టే మొదట పొడిచింది."

"గూటికంతా పెద్ద అదే. కొత్తది వస్తే దాని చోటేదో తేలేదాకా పొడుస్తూనే ఉంటుంది. అందుకేగా మధ్యలో జాలీ కట్టాను. రోజూ ఒకదాన్నొకటి చూసుకుంటే అలవాటు పడతాయని."

"పడలేదుగా."

"పడేవి! ఇంకో నాలుగు రోజులాగితే పడేవి. కొట్టుకోకుండా దాణా గిన్నెలు కూడా రెండు పెట్టాను. ఉండు, ముందు ఆ నల్లదాన్ని గంప కింద మూసేస్తా. వారం ఆగి వదిలితే అప్పుడు అదే కొత్తదవుతుంది. పొగరు దిగుతుంది."

"తెల్లది లేవకపోతే?"

"లేస్తుంది."

"లేవకపోతే?"

"అలా అనకు తల్లీ, నీకు దణ్ణం పెడతా. మీ అమ్మ చేత్తో పెంచిన కోడి. ఆవిడ పోయాక నీకు మిగిలింది ఇదొక్కటే. ఇది నా పెరట్లో పోతే నేను నీ మొహం ఎలా చూడాలి? జాలీ తలుపుకి గడియ సరిగ్గా పెట్టుండను. నా మతి మండ! తిట్టు, నన్ను తిట్టు. ఏడవకు."

"పెట్టారు."

"ఏంటి?"

"గడియ పెట్టే వెళ్లారు. నేనే తీశాను."

"నువ్వా? ఎందుకే?"

"ఇంత రక్తం వస్తుందని తెలీదు పిన్నీ. ఒట్టు, నాకు తెలీదు..."

"ఎందుకు తీశావమ్మా?"

"మన కోళ్లతో ఇమడకపోతే దీన్ని అమ్మమ్మ దగ్గరికి పంపేద్దామని నాన్న అన్నారుగా. దాంతోపాటు నేనూ వెళ్లిపోవచ్చనుకున్నా."