చితిలో ఉన్న మట్టెలు

నా పేరు పొట్నూరు జగన్నాధం. తండ్రి నరసింగరావు. వయస్సు నలభై ఒకటి. బి.ఏ. చదివాను. పాతపట్నం బజారులో బట్టల దుకాణం నడుపుతున్నాను. 1968 జూలై 9వ తేదీ ఉదయం నా దుకాణంలో జరిగినది మేజిస్ట్రేటుగారి ఎదుట చెబుతున్నాను.

కిందటి సంవత్సరం నా భార్య కన్యాకుమారిని మా పెరట్లో ఎవరో గొంతు నులిమి చంపారు. మెడలో గొలుసు పోయింది. ఆ రోజు కట్టెలు తెచ్చిన బండివాడు పైడిరాజు మీద కేసు పెట్టారు. అతని ఇంటి చూరులో వెండి మట్టెలు దొరికాయన్నారు. అవి తన అక్కవేనని నా బావమరిది సీతారామారావు కోర్టులో గుర్తుపట్టాడు. అతను దహనానికి అందలేదు. నా దుకాణంలోనే పనిచేసే అతను అప్పుడు సరుకు కోసం బరంపురం వెళ్లి ఉన్నాడు.

ముద్దాయి ప్లీడరు మట్టెల గురించి నన్ను అడిగాడు. కన్యాకుమారి పుణ్యస్త్రీగా పోయింది గనుక మా అమ్మ ఆమె కాళ్లకు పసుపు రాసి, మట్టెలు తీయనివ్వలేదు. వాటితోనే దహనం చేశాను. అస్థులు ఏరినప్పుడు కరిగిన వెండి నా వేళ్లకు తగిలింది. దాన్నీ అస్థులతోపాటు మహేంద్రతనయ నదిలో కలిపాను. అదే చెప్పాను. మట్టెలు దొరకడమే కల్పితమైనప్పుడు మిగతా సాక్ష్యం నమ్మలేమని, జూలై 8న జడ్జిగారు పైడిరాజును విడుదల చేశారు.

కోర్టు మెట్ల దగ్గర మా అత్తగారు గున్నమ్మ, "ఒకపాలి కాల్చినావు. సాల్లేదేటి నాయినా, మళ్లీ కాల్చినావు?" అన్నది.

మరునాడు దుకాణం తెరిచేసరికి పైడిరాజు వచ్చి గడప అవతల నిలబడ్డాడు. లోపల సీతారామారావు తానులు సర్దుతున్నాడు.

"మీరు నిజం సెప్పబట్టి బతికినాను బాబూ," అని పైడిరాజు చేతులు జోడించాడు.

"దండాలు నాకు వద్దు. ఆమెను చంపింది నువ్వా, కాదా?" అన్నాను.

"బాబూ, ఆ దినం నాను పెరట్లోకి ఎల్లినప్పుడు అమ్మ..." అన్నాడు.

సీతారామారావు గుడ్డ కొలిచే ఇనుప కడ్డీతో అతని తల మీద కొట్టాడు. పడిన తరువాత మళ్లీ కొట్టాడు. ఆసుపత్రికి చేర్చేలోగా పైడిరాజు చనిపోయాడు.

పైడిరాజు కత్తి తీశాడని సీతారామారావు అంటున్నాడు. కత్తి లేదు. స్టేషనులో అతను నా చెయ్యి పట్టుకుని, "బావా, ఈపాలైనా మనోళ్ల కోసం సెప్పవా? అక్కకి నేనొక్కడినే కదేటి తమ్ముణ్ణి" అన్నాడు. అతని కళ్లు కన్యాకుమారి కళ్లే. అయినా కత్తి లేదు. దెబ్బ పడేటప్పటికి పైడిరాజు జోడించిన చేతులు జోడించినట్టే ఉన్నాయి.

మాట పూర్తిచేసి ఉంటే పైడిరాజు ఏమి చెప్పేవాడని మేజిస్ట్రేటుగారు అడిగారు. నాకు తెలియదు. తెలుసుకునే దారి ఇక లేదు. ఊహించి చెప్పను.

ఇందులో నేను చూసినదీ విన్నదీ తప్ప మరొకటి లేదు. నేనే చదువుకుని, సరిగా ఉన్నదని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సం.) పొట్నూరు జగన్నాధం