చేపలకి అంటుతుందాండీ?

ఆ మొటిమకి అద్దం ముందు అంతసేపు ముస్తాబేంటే సౌజన్యా, దానికేమన్నా పెళ్లిచూపులా? ఒంటి మీద మచ్చ లేస్తే ఎంత రభసవుతుందో మా తోటికోడలు గంగారత్నాన్ని అడగాలి. నీకు చిన్న నాయనమ్మ. నువ్వు పుట్టకముందే పోయిందిలే, అడగలేవు, నేనే చెప్తాను. కలిదిండి దగ్గర సత్తిరాజు గారి చేపల చెరువు మీద ఇద్దరం పనికెళ్లేవాళ్లం. చెరువులో చేపలు పట్టే పట్టుబడి రోజున వల దగ్గర నీళ్లలో నిలబడి బొచ్చె చేపలు ఒక పక్కకి, శీలావతులు ఒక పక్కకి ఏరడంలో దాని తర్వాతే ఎవరైనా. నోరూ అంతే. నేను తడిసిన చీర పిండుకుంటుంటే "ఏవండీ అక్కగారూ, సినిమా తీస్తున్నారా?" అనేది. అలాంటిది ఓ శీతాకాలం "లేవగానే పిడికిలి పడటం లేదక్కా" అంది. చలిలే అన్నాను. తర్వాత మోచేతుల వెనక రేగిపళ్లంత బొడిపెలొచ్చాయి. నొప్పి లేదుగా, అందరికీ చూపించి "కాయలు కాశాను, కోసుకోండి" అనేది. ఆనక చీలమండ పైన ఎర్రటి మచ్చలు లేచి పుండు పడింది. అదిగో, అక్కడొచ్చింది గొడవ. ఆ ఏడే చెరువులో చేపలకీ ఎర్రమచ్చ రోగం. చేపలకొస్తే ఏం చేస్తాం, నీళ్లలో సున్నం చల్లుతాం. ఇదీ తెలివైనదే కదా, కాలికి సున్నం పట్టించింది! భగ్గుమని వీధంతా గెంతింది. నవ్వకే. నేనే కడిగాను, నవ్వుకుంటూనే అనుకో.

సత్తిరాజు గారి కంట పడింది. మనుషులకి అంటుతుందని భయపడితే సరే, ఆయన బెంగంతా చేపల మీద. "గంగారత్నం, నీ రోగమే నా చెరువుకి తగిలినట్టుంది, ఇంక గట్టు మీదకి రాకు" అన్నారు. మగడు లేడు, దానికి కూడు పెట్టేది ఆ పనొక్కటే. ఏలూరు తీసుకెళ్లాను. బస్సులో కాలు చీర కింద దాచుకుంది, నోరు మాత్రం దాచలేదు, దిగేలోపు కండక్టరుకి సంబంధం కూడా చూసేసింది. డాక్టరు గారేమో కాలు చూసి, ఆనక చేతులు పట్టుకుని ఒక్కో కణుపూ నొక్కుతున్నారు. ఇది నా చెవిలో "పుండు కిందుంటే పైన వెతుకుతాడేంటక్కా, దారి తప్పాడా?" అంది. రక్తపరీక్షలయ్యాక చెప్పారు. "కీళ్లవాతమమ్మా. వేళ్ల వాపూ, ఈ బొడిపెలూ, ఆ పుండూ అన్నీ దాని పిల్లలే. లోపల రక్తనాళాలు వాచి చర్మం దాకా వచ్చింది." అప్పుడడిగింది, "చేపలకి అంటుతుందాండీ?" అని. "దేనికమ్మా?" "చేపలకండీ. బొచ్చెలకి, శీలావతులకి." ఆయన నవ్వలేదు, అందుకే నచ్చారు నాకు. "మనుషులకే అంటదమ్మా, చేపలకేం అంటుతుంది. కానీ పుండు మానేదాకా నువ్వే ఆ నీళ్లలో దిగకు, నీకే ప్రమాదం" అన్నారు.

మర్నాడు పట్టుబడి. కాలికి కట్టుతో తిన్నగా గట్టు మీదకొచ్చేసింది. సత్తిరాజు గారు "ఆగాగు, నా చెరువు!" అని పరిగెత్తుకొచ్చారు. "ఏవండీ రాజుగారూ, డాక్టరు గారు చెప్పారండీ, నా వల్ల మీ చేపలకేం భయం లేదంటండీ. మీ చెరువు వల్లే నాకు భయమంట. అందుకని దిగనండీ, ఇక్కడే కూర్చుని ఏరతాను." వలవాళ్లంతా గొల్లున నవ్వారు. ఆయనే కుర్చీ తెప్పించారు. గట్టు మీద కూలిమనిషికి కుర్చీ! మందులు వాడినా పుండు మానడానికి నెలలు పట్టింది. వేళ్లు మాత్రం వంకరపోయాయి. ఏరడం మానేసి, కూర్చున్నచోటి నుంచే "అది ఇటు, ఇది అటు" అని మమ్మల్ని ఆడించేది. పోయేదాకా ఆ కుర్చీ వదల్లేదు. పోయిన మర్నాడే అందులో ఎవరు కూర్చోవాలని ఇద్దరు జుట్లు పట్టుకున్నారు. నేనైతే దాంట్లో ఇంకొకర్ని చూడలేక... సరేలే. మబ్బు పట్టింది, మేడ మీద వడియాలున్నాయి, లే.